వేసవి రాత్రులలో నిద్ర (గోదావరి డెల్టా)

ఏప్రిల్ నుండి జూన్ వరకు గోదావరి డెల్టాలో రాత్రిపూట నిద్రకు కలిగే ఇబ్బందిని, దానిని తగ్గించుకొనుటకు అక్కడి ప్రజలు అనుసరించే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. డెల్టాలో వేసవి రాత్రులు వేడికంటె ఉక్కపోత వలన ఎక్కువ బాధిస్తాయి. పొడిగాలి వీచే రాత్రికి, ఉక్కపోసే రాత్రికి పనికివచ్చే ఉపాయాలు వేరువేరు. ఒకదానికి మేలుచేసేది రెండవదానికి కీడు చేయవచ్చును. ఈ తేడాను గుర్తించడం సుఖనిద్రకే కాక, వృద్ధులు, పసిపిల్లలు, రోగుల ప్రాణరక్షణకు కూడా అవసరం.

భౌగోళిక నేపథ్యం

రాజమహేంద్రవరానికి దిగువన, ధవళేశ్వరం వద్ద గోదావరి నది గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ పాయల నడుమ, వాటికి ఇరువైపుల గల పల్లపు భూమియే గోదావరి డెల్టా. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, తరువాత 1970 - 1982 మధ్య కట్టిన బారేజి వలన ఈ ప్రాంతమంతా కాలువలతో సాగులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత డెల్టా భూములు తూర్పు గోదావరి, కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలలో ఉన్నాయి.

దాళ్వా పంట కోతలు ముగిసిన తరువాత, వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేయడం ఆనవాయితీ. కట్టే ముందు ఊరి మంచినీటి చెరువులను నింపుకుంటారు. నీరు లేని చేలు ఎండి బీటలు వారుతాయి. అందువలన పచ్చగా కనిపించే డెల్టాలో కూడా మే నెలలో పగటి ఎండ తీవ్రంగానే ఉంటుంది. భీమవరం పరిసరాలలోని చేపల, రొయ్యల చెరువులలో మాత్రం ఈ కాలంలో కూడా నీరు నిలిచి ఉంటుంది.

వేసవి వాతావరణం

తెలుగువారు వేసవిని కార్తెలతో లెక్కిస్తారు. మే 11 ప్రాంతంలో కృత్తిక కార్తె, మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె ప్రవేశిస్తాయి. "రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయి" అన్న సామెత అందరికీ తెలిసినదే. జూన్ రెండవ వారంలో మృగశిర కార్తెతో సాధారణంగా వాతావరణం చల్లబడడం మొదలవుతుంది.

ఈ కాలంలో డెల్టాపై రెండు రకాల గాలులు వీస్తాయి.

పడమటి గాలి: దక్కను పీఠభూమి, మధ్య భారతదేశాల మీదుగా వచ్చే పొడిగాలి. ఇది బలంగా వీచే రోజులలో సముద్రపు గాలి లోపలికి రాలేదు. అప్పుడే వడగాడ్పులు వస్తాయి. గాలిలో తేమ తక్కువగా ఉంటుంది కనుక చెమట వెంటనే ఆరిపోతుంది.

సముద్రపు గాలి: మధ్యాహ్నం నేల వేడెక్కిన తరువాత బంగాళాఖాతం వైపు నుండి వీచే గాలి. కాకినాడ, అంతర్వేది, నరసాపురం వంటి తీరప్రాంతాలకు ఇది ముందుగా చేరుతుంది. లోపలగా ఉన్న రాజమహేంద్రవరానికి ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది. ఇది వచ్చినప్పుడు ఉష్ణోగ్రత తగ్గుతుంది గాని తేమ పెరుగుతుంది. రాత్రి పొద్దుపోయాక ఈ గాలి పడిపోతే ఆకు కదలని ఉక్కపోత మొదలవుతుంది.

మే నెలలో డెల్టాలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 27, 28 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. పగలు 40 డిగ్రీలకు తగ్గకుండా ఉండి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కంటె 4.5 నుండి 6.4 డిగ్రీల వరకు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దానిని "వేడి రాత్రి"గా, అంతకు మించితే "తీవ్రమైన వేడి రాత్రి"గా పరిగణిస్తుంది.

తేమ చేసే తేడాకు ఒక ఉదాహరణ: అమెరికా వాతావరణ సంస్థ వాడే ఉష్ణ సూచిక పట్టిక ప్రకారం, నీడలో 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు గాలిలో తేమ 40 శాతం ఉంటే శరీరానికి సుమారు 30 డిగ్రీలుగానే తోస్తుంది. అదే 30 డిగ్రీలలో తేమ 80 శాతం ఉంటే సుమారు 38 డిగ్రీలుగా తోస్తుంది. కనుక ఉష్ణోగ్రత ఒక్కటే చూచి రాత్రి ఎలా ఉంటుందో చెప్పలేము.

నిద్రకు, శరీర ఉష్ణోగ్రతకు సంబంధం

నిద్రపోయే మనిషి శరీరం కూడా వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. పెద్దవారిలో ఇది సుమారు 70 వాట్లు, అనగా ఒక పాతకాలపు విద్యుద్దీపం ఇచ్చేటంత. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటకు పోవాలి. నిద్రకు ముందు అరచేతులు, అరికాళ్ళలోని రక్తనాళాలు వ్యాకోచించి వేడిని వెలుపలికి పంపుతాయి. దానితో శరీరం లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గి నిద్ర వస్తుంది. రాత్రి గడిచేకొద్దీ ఈ తగ్గుదల సుమారు ఒక డిగ్రీ వరకు ఉంటుంది.

చర్మపు ఉష్ణోగ్రత సుమారు 33 - 35 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి దానికి దగ్గరగా వేడెక్కితే శరీరానికి మిగిలే ముఖ్యమైన మార్గం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అయితే కారి పడకను తడిపిన చెమట వలన ఇంత ప్రయోజనం ఉండదు. శరీరం మీద ఆరిన చెమటే చల్లబరుస్తుంది. కలలు వచ్చే నిద్రదశలో శరీరానికి ఉష్ణోగ్రతను సర్దుకునే శక్తి తగ్గుతుంది. అందుచేతనే ఉక్కపోసే రాత్రులలో తెల్లవారుజామున మాటిమాటికి మెలకువ వస్తుంది.

పగలంతా ఎండలో పనిచేసిన శరీరం తేరుకొనేది రాత్రిపూటనే. రాత్రి కూడా చల్లబడకపోతే గుండెపై భారం కొనసాగి, మరునాటి ఎండను తట్టుకొనే శక్తి తగ్గుతుంది. 2015 మే నెల వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. ఇటువంటి వడగాడ్పుల కాలంలో పగటి జాగ్రత్తలతో పాటు రాత్రి విశ్రాంతిపై కూడా శ్రద్ధ అవసరమని వైద్యులు చెబుతారు.

ఇంటి నిర్మాణం

డెల్టాలోని పాత ఇళ్ళు గాలికి అనువుగా కట్టినవి. తాటాకు ఇళ్ళ కప్పు దళసరిగా ఉండి ఎండను ఆపుతుంది, వేడిని నిలువ చేయదు. పెంకుటిళ్ళలో పెంకుల సందుల నుండి వేడిగాలి పైకి పోతుంది. కోనసీమలో పేరుపొందిన మండువా లోగిలిలో ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. వేడిగాలి దానిలోనుండి పైకి పోగా, వసారాల నుండి చల్లగాలి లోపలికి వస్తుంది. వీధి అరుగులు, పెరటి వసారాలు, వేపచెట్టు నీడ పడే వాకిళ్ళు వేసవిలో పడకగదులయ్యేవి.

కాంక్రీటు శ్లాబు స్వభావం ఇందుకు భిన్నమైనది. అది పగలంతా ఎండను పీల్చుకొని, కొన్ని గంటల తరువాత ఆ వేడిని కిందికి వదులుతుంది. బయట చల్లబడిన తరువాత కూడా పై అంతస్తు గది వేడిగా ఉండడానికి కారణం ఇదే. దీనిని తగ్గించుకొనుటకు కొన్ని పద్ధతులు:

* శ్లాబుపైన వేసవికి ముందు తెల్ల సున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు గాని వేయడం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది.
* శ్లాబుకు పైన కొబ్బరాకులతో పందిరి వేయడం. పందిరికి, శ్లాబుకు నడుమ గాలి ఆడాలి.
* పొద్దుగూకిన తరువాత డాబాపై నీళ్ళు చల్లడం. పొడిగాలి రోజులలో ఇది బాగా పనిచేస్తుంది. నీటి ఎద్దడి ఉన్నచోట దీనికంటె సున్నమే మేలు.
* పడమటి కిటికీలకు బయటివైపున తడిక కట్టడం. లోపలి తెర కంటె బయటి తడిక మేలైనది, ఏలనగా అది ఎండను అద్దానికి తగలకముందే ఆపుతుంది.

కిటికీలు తెరిచే వేళ కూడా ముఖ్యమైనదే. ఇంటి లోపల కంటె బయట వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి ఉంచాలి. బయట చల్లబడగానే ఎదురెదురు కిటికీలు, తలుపులు తెరవాలి. రెండు చిన్న ఉష్ణమాపకాలను, ఒకటి లోపల, ఒకటి బయట నీడలో తగిలిస్తే ఆ వేళ ఏదో తేలికగా తెలుస్తుంది. ఒకే కిటికీ ఉన్న గదిలో బల్లపంకాను బయటి వైపుకు తిప్పి పెడితే లోపలి వేడిగాలి బయటకు పోయి, తలుపు నుండి చల్లగాలి వస్తుంది.

పడక

నులక మంచం: గోగునార, జనపనార లేక కొబ్బరిపీచు తాళ్ళతో అల్లిన మంచం. అల్లికలోని సందుల వలన వీపు కిందికి కూడా గాలి తగులుతుంది. పరుపుపై పడుకున్నవారి శరీరంలో పరుపుకు ఆనిన భాగానికి గాలి తగలదు కనుక, ఉక్కపోసే రాత్రికి నులక మంచం ఎంతో సుఖం. వాడకంలో అల్లిక వదులవుతుంది కనుక అప్పుడప్పుడు కాళ్ళవైపు తాడు బిగించాలి. బిగించకపోతే అది కుక్కిమంచమై నడుము నొప్పి కలిగిస్తుంది.

నవారు మంచం: దళసరి నూలు పట్టీతో అల్లినది. నులక కంటె మెత్తన, గాలి కొంచెం తక్కువ.

చాప: తుంగచాప, ఈతచాప చల్లగా ఉంటాయి. నేలపై గచ్చు చల్లదనం శరీరానికి తగులుతుంది. అయితే పురుగుపుట్ర భయం ఉన్నచోట నేలపై పడుకోరాదు.

పరుపు: రబ్బరు, స్పాంజి పరుపులు వేడిని పట్టి ఉంచుతాయి. వాటిపై తుంగచాప పరచి, దానిపై పలుచని నూలు దుప్పటి వేసుకుంటే ఉపశమనం కలుగుతుంది. దుప్పటి, దుస్తులు వదులుగా, నేతనూలువిగా ఉండడం మంచిది.

గాలి, శీతలీకరణ

తాటాకు విసనకర్ర డెల్టాలో ప్రతి ఇంట ఉండేది. కరెంటు పోయినప్పుడు ఇప్పటికీ అదే ఆధారం. విసనకర్రగాని, విద్యుత్ పంకాగాని గాలిని చల్లబరచదు. శరీరం చుట్టూ నిలిచిన తేమగాలిని తొలగించి చెమటను ఆరనిస్తుంది. కాబట్టి ఎవరూ లేని గదిలో పంకా తిప్పడం వ్యర్థం. సాధారణ సీలింగు పంకా సుమారు 75 వాట్ల విద్యుత్తు వాడగా, బీఎల్‌డీసీ మోటారు పంకాలు సుమారు 30 వాట్లతోనే అంత గాలినిస్తాయి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పంకా గాలి శరీరాన్ని మరింత వేడిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. డెల్టా రాత్రులలో అంతటి వేడి ఉండదు కనుక రాత్రిపూట పంకా నిరపాయకరమే.

తడి ఉపాయాల విషయంలో రాత్రి స్వభావం చూడాలి. వట్టివేళ్ళ తడిక తడిపి కట్టడం, కిటికీకి తడి గోనెపట్టా వేయడం, తడి దుప్పటి కప్పుకోవడం, ఎయిర్ కూలరు వాడడం, ఇవన్నీ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. పడమటి గాలి వీచే పొడిరాత్రులలో ఇవి చాలా ఉపయోగకరం. ఉక్కపోసే రాత్రి గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటుంది కనుక నీరు ఆవిరి కాదు. పైగా మూసిన గదిలో కూలరు తేమను పెంచి నిద్రను మరింత చెడగొడుతుంది. అటువంటి రాత్రి కూలరులో నీటి మోటారు ఆపి, పంకా ఒక్కదానినే తిప్పుకోవడం మేలు. కూలరు వాడేటప్పుడు కిటికీ తెరచి ఉంచాలి. నీటితొట్టిని వారానికి ఒకసారైనా ఖాళీచేసి ఆరబెట్టాలి, లేనిచో దోమలు పెరుగుతాయి.

తేమను కూడా తీసివేయగల సాధనం ఏసీ. ఇంధన పొదుపు దృష్టితో, 2020 జనవరి 1 నుండి భారతదేశంలో స్టార్ గుర్తింపు గల గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ఉండాలని నిబంధన వచ్చింది. 26, 27 డిగ్రీల వద్ద ఉంచి పంకాను కూడా నెమ్మదిగా తిప్పితే చాలామందికి సుఖంగా నిద్రపట్టడమే కాక, కరెంటు ఖర్చు తగ్గుతుంది.

స్నానం, ఆహారం, నీరు

రాత్రి పడుకునే ముందు స్నానం చేయడం డెల్టాలో సాధారణ అలవాటు. డాబాపై ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులో నీరు సాయంకాలానికి కాగి ఉంటుంది. ఉదయమే బకెట్లలో పట్టి నీడలో ఉంచిన నీరు గాని, నూతినీరు గాని వాడుకోవాలి. మరీ చల్లటి ఐసునీటి స్నానం వలన చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి బయటకు పోవడం తగ్గుతుంది. గోరువెచ్చని లేక సాధారణ నీరే మంచిది. స్నానానికి వీలులేనప్పుడు పాదాలు, ముంజేతులు, మెడ తడి గుడ్డతో తుడుచుకున్నా ఫలితం ఉంటుంది.

రాత్రి భోజనం తేలికగా, పెందలకడనే ముగించాలి. పెరుగన్నం, దబ్బాకు వేసిన పలుచని మజ్జిగ, తాటిముంజలు, కొబ్బరినీళ్ళు ఇక్కడి వేసవి ఆహారం. కుండలోని నీరు కుండ గోడల నుండి ఊరి ఆవిరవుట వలన చల్లబడుతుంది. పొడిరాత్రిలో ఎక్కువగా, ఉక్కరాత్రిలో తక్కువగా చల్లబడడానికి కారణం పైన చెప్పినదే. మద్యం శరీరంలోని నీటిని తగ్గించి నిద్రను చెదరగొడుతుంది. పొద్దుపోయాక కాఫీ, టీలు కూడా తగ్గించాలి. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవారు ఎంత నీరు, ఉప్పు తీసుకోవాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

దోమలు, పాములు

గాలి కోసం కిటికీ తెరిస్తే దోమలు వస్తాయి. మూస్తే ఉక్కపోస్తుంది. డెల్టా ప్రజల వేసవి నిద్రకు ఇదే ప్రధానమైన చిక్కు. మురుగునీటిలో పెరిగి రాత్రిపూట కుట్టే క్యూలెక్స్ దోమ వలన వ్యాపించే బోదకాలు వ్యాధి ఉభయ గోదావరి జిల్లాలలో చాలాకాలంగా ఉన్నది. దోమతెర గాలిని కొంత ఆపుతుంది కనుక, వేసవిలో చాలామంది దానిని తీసివేస్తారు. అలా తీసివేయడం కంటె ఎత్తుగా, వెడల్పుగా ఉన్న తెరను కట్టి, పంకాను తెరకు దగ్గరగా ఉంచుకోవడం మంచిది. కిటికీలకు జాలీ బిగిస్తే తెర అవసరం తగ్గుతుంది.

దోమతెరకు మరొక ప్రయోజనం ఉన్నది. కట్లపాము రాత్రిపూట ఇళ్ళలోకి వచ్చి, నేలపై నిద్రించేవారిని కాటు వేస్తుంది. కాటు నొప్పి పుట్టదు, గుర్తు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం మొదలైనప్పుడు గాని విషయం బయటపడదు. ఆగ్నేయ నేపాల్‌లో జరిగి 2007లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, దోమతెర కట్టుకొని నిద్రించేవారికి పాముకాట్లు గణనీయంగా తక్కువని తేలింది. కాబట్టి చేలగట్లకు, గడ్డిమేట్లకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో నేలపై కాక మంచంపై పడుకొని, తెర అంచులను పడక కిందికి దోపుకోవాలి. ఆరుబయట పడుకొన్నవారు రాత్రి లేచినప్పుడు దీపం లేకుండా కాలు కింద పెట్టరాదు. పై లక్షణాలు కనిపిస్తే మంత్రాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

డాబాపై పడుకొనేవారు పిట్టగోడ లేనిచోట, విద్యుత్ తీగలకు దగ్గరగా పడక వేయరాదు. నడిరాత్రి గాలివాన వచ్చే సూచన ఉంటే కిందికి దిగిపోవాలి.

ప్రమాద సూచనలు

వృద్ధులలో చెమట పట్టడం, దాహం వేయడం రెండూ తగ్గుతాయి. అందువలన "నాకేమీ ఉక్కగా లేదు" అని వారు చెప్పినా, వారి గది ఎలా ఉన్నదో ఇంటివారు స్వయంగా చూడాలి. పసిపిల్లలు చెప్పలేరు. మూత్రం ఎక్కువగా వచ్చుటకు ఇచ్చే మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి వేడి త్వరగా హాని చేస్తుంది.

శరీరం కాలిపోతుండడం, మాటలో పొంతన లేకపోవడం, మూర్ఛ, పిలిస్తే పలకకపోవడం వడదెబ్బ లక్షణాలు. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, అనగా 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ప్రాణాపాయం. పగలు ఎండలో తిరిగినవారికే కాక, గాలి ఆడని గదిలో రాత్రంతా ఉన్నవారికి కూడా ఇది రావచ్చును. వెంటనే 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోగా ఒంటిని నీటితో తడిపి విసురుతూ ఉండాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయరాదు.

మారిన పరిస్థితులు

పూర్వం వేసవి రాగానే వీధివీధంతా మంచాలు బయటకు వచ్చేవి. ఇరుగుపొరుగువారు అరుగులపైన, వాకిళ్ళలోను పక్కపక్కనే పడుకొనేవారు. పంకాలు, టీవీలు, వాహనాల రొద, దొంగల భయం, అపార్టుమెంట్ల నిర్మాణం వలన ఈ అలవాటు పట్టణాలలో దాదాపు పోయింది, పల్లెలలో తగ్గింది. ఆరుబయట నిద్ర అందరికీ ఒకే విధంగా అందుబాటులో ఉండేది కాదన్నది కూడా గమనించదగినది. పురుషులు వీధి అరుగులపై పడుకోగా, స్త్రీలు చాలా ఇళ్ళలో పెరటి వసారాకో, లోపలి గదికో పరిమితమయ్యేవారు.

ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పడేవారు పై అంతస్తులలో, రేకుల కప్పుల కింద ఒకే కిటికీ గల అద్దె గదులలో ఉండేవారు. ఏసీ కొనలేనివారికి, కొన్నా కరెంటు ఖర్చు భరించలేనివారికి సున్నం వేసిన కప్పు, ఎదురెదురు కిటికీలు, నులక మంచం, దోమతెర, పంకా ఇప్పటికీ తక్కువ ఖర్చుతో అందే సాధనాలు. అద్దె ఇళ్ళలో కప్పుకు సున్నం వేయించడం, కిటికీలకు జాలీలు బిగించడం ఇంటి యజమాని పూనుకొంటేనే జరిగే పనులు. కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు నమూనా గీయించునప్పుడే ప్రతి పడకగదికి రెండు వైపుల నుండి గాలి వచ్చే ఏర్పాటు చేసుకుంటే, తరువాత ఏటా మూడు నెలల ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.